దిగే దారికి బాణీ

వెనక గది, మూడో అంతస్తు
ఎండలు తగ్గుముఖం పట్టాక

బల్లీ,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడితే నువ్వు చదవకుండా కింది పేరాకి దూకుతావు. అందుకని నా మెడనొప్పితో మొదలుపెడుతున్నాను. మెడ కుడివైపుకి తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే మనిషిని మొత్తం తిప్పాల్సి వస్తోంది. నీకంటే గుడ్లగూబ నయం అంటున్నారు మీ అన్నయ్య.

మొన్న ఇంకొంచెంగారు ఫోన్ చేశారు. ఆ దర్శకుడికి ఆ పేరు పెట్టింది నువ్వే. ఇప్పుడు మా ఇంట్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. "మీ ఆడపడుచు, వాళ్ళ మాస్టారు కలిసి శిఖరం ఎక్కేశారండీ! పది నిమిషాల సినిమా చేస్తున్నాం. బూట్ల కంపెనీవాళ్ళు ముందుకొచ్చారు. సంగీతం మీరే. ఈసారి ఇంకొంచెం పెద్దగా, ఇంకొంచెం గుండె అదిరేలా ఉండాలి" అన్నారు.

రెండుసార్లు వెనక్కి నెట్టేసిన కొండని మూడోసారి ఎక్కావన్నమాట. ఆ కబురు ఆయన నోట వినాల్సి వచ్చింది. నీకు ఫోను అందదని తెలుసు కానీ, జీపు డ్రైవరు వారం వారం కిందికి వస్తూనే ఉన్నాడుగా? రెండు ముక్కలు రాసి పంపడానికి చేతులు రాలేదా?

నా సంగతి అడిగితే, అలసిపోయాను బల్లీ. ఈ ఏడాది పడవతో జలపాతం దూకిన అమ్మాయికి, ఎడారిలో సైకిలు తొక్కిన అన్నదమ్ములకి, రెక్కలు కట్టుకుని లోయలోకి దూకిన ఒక పళ్ళ డాక్టరుకి బాణీలు కట్టాను. సాహసాలు వేరు, బాణీ ఒకటే. మొదట సూర్యోదయం, పియానో మీద రెండు ఒంటరి స్వరాలు. తర్వాత వయొలిన్లు. ఎక్కడో ఒకచోట కాలు జారుతుంది. అక్కడ అన్నీ ఆపేయాలి. ఊపిరి పీల్చి వదిలాక ఇక డ్రమ్ములే డ్రమ్ములు. గోరంతలు కొండంతలు చేయడం నా వృత్తి. కొండనే పట్టుకొచ్చి ఇంకొంచెం కొండని చేయమంటే ఎక్కడికి పోను? మా లిఫ్టు చెడిపోయింది. కూరగాయల సంచీతో మూడంతస్తులు ఎక్కి, గుమ్మంలో కూలబడి, ఆయాసం తీరాక లోపలికొచ్చి వీరుల కోసం సంగీతం రాస్తున్నాను.

మీ అన్నయ్య కళ్ళజోళ్ళ దుకాణం నుంచి రాగానే నీ కబురు చెప్పాను. "ఎక్కితే ఎక్కింది, దిగిందా?" అన్నారు. నీ సినిమాలన్నిట్లోనూ ఆయన చూసేది ఆఖరి నిమిషమే. నువ్వు మామూలు నేల మీద నడుస్తూ కనిపిస్తే, "సరే, ఇక తీసెయ్" అని లేచి వెళ్ళిపోతారు.

సినిమా ముక్కలు ఇంకా నాకు చేరలేదు. అవి వచ్చేలోగా ఒక్కటి చెప్పు. పైన ఎలా ఉంది? ఇంకొంచెంగారి మాటల్లో కాదు, నీ మాటల్లో. ఈసారైనా అక్కడ నిజంగా ఏముందో దానికి రాద్దామని ఉంది.

వదిన


కొండ కింది బస
ముసురు

వదినా,

నీ ఉత్తరం జీపు డ్రైవరు కోడిగుడ్ల అట్టల మధ్య పెట్టి తెచ్చాడు. గుడ్లు మూడు పగిలాయి గానీ ఉత్తరం బాగానే ఉంది.

రాయనందుకు తిట్టు, పడతాను. దిగినప్పటినుంచీ ఖాళీ లేదు. కొత్తగా కొండలెక్కడం నేర్చుకోవడానికి ఒక గుంపు వచ్చింది. పొద్దున్నే వాళ్ళ వెంట తిరగడం, సాయంత్రం వాళ్ళ బొబ్బలకి మందు రాయడం. నిద్ర మాత్రం సరిగ్గా పట్టడం లేదు.

మాస్టారికి ఎడమ చేతి వేళ్ళు రెండు చలికి నల్లబడ్డాయి. కొసలు పోతాయేమో అంటున్నారు ఇక్కడి డాక్టరు. మీ ఊళ్ళో పెద్దాసుపత్రికి రాసిచ్చారు. ఆయనకి అరవై నిండాయి కదా, ఇదే ఆఖరి ఎక్కుడు అని ముందే అనుకున్నాం. నా పదహారో ఏట మొదటిసారి నన్ను రాయి మీదికి ఎక్కించిన చేతులవి. కట్టుకట్టిన వేళ్ళు చూపించి "ఇక వయొలిన్ వాయించలేనే" అని నవ్వుతున్నారు. ఆయనకి వయొలిన్ ఎప్పుడూ రాదు.

పైన ఎలా ఉందంటావా. పొగమంచు. అంతే వదినా, తెల్లగా ఉంది.

ఒక్క మాట అడుగుతాను, కాదనకు. ఈసారి నువ్వు ఇంకొంచెంగారి మాటే విను. పెద్దగా రాయి. డ్రమ్ములు పెట్టు, బాకాలు పెట్టు, నీ దగ్గర ఏమేం ఉన్నాయో అన్నీ పెట్టు. ఆసుపత్రికి వచ్చినప్పుడు మాస్టారు మీ ఇంటికి వస్తారు. సినిమా ఆయన మొదటిసారి చూసేది నీ గదిలోనే. చూశాక ఆయనకి ఏ అనుమానమూ మిగలకూడదు.

బల్లి


వెనక గది
వాన పడి వెలిసిన సాయంత్రం

బల్లీ,

అనుమానం అనే మాట ఎందుకు రాశావా అని నాలుగు రోజులు ఆలోచించాను. నిన్న సినిమా ముక్కలు వచ్చాయి. ఇక ఆలోచించే పని లేకుండా పోయింది.

ఇంకొంచెంగారు కత్తిరించిన పది నిమిషాలతోపాటు, మీ శిరస్త్రాణాల మీది కెమెరాలు తీసిందంతా పంపించారు. మామూలుగా అంతా చూసే ఓపిక నాకు ఉండదు. నువ్వున్నావని చూశాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అన్నం కూడా ఇక్కడే తిని చూశాను.

ఆయన 'శిఖరం' అని గుర్తు పెట్టిన చోట మాస్టారు మంచులో కూర్చుని ఉన్నారు. ఆయన మాటలు ముద్దగా వస్తున్నాయి. "తలుపు తియ్యవే, వాన లోపలికి కొడుతోంది" అంటున్నారు నిన్ను. తలుపేమిటి, వానేమిటి అక్కడ? అప్పుడు నువ్వు ఆయన చెవి దగ్గర అరిచావు. "ఎక్కేశాం మాస్టారూ! ఇదే పైన! అయిపోయింది, ఇక దిగుదాం లేవండి!"

నువ్వు ఆ మాట అంటుండగానే గాలికి పొగమంచు కాస్త విడింది. మాస్టారి కెమెరాలో నీ భుజం వెనక, ఇంకా పైన, శిఖరం ఉంది. ఒక్క క్షణమే కనిపించింది. ఇంకొంచెంగారు ఆ క్షణాన్ని కత్తిరించేశారు.

ఆయన్ని అడిగాను. "చూశానండి. మీ ఆడపడుచూ ఏం చెప్పలేదు, నేనూ అడగలేదు. పొగమంచులో శిఖరం ఏదో ఎవడికి తెలుసు? మీ సంగీతం శిఖరం అంటే చూసేవాళ్ళకి అదే శిఖరం" అన్నారు. నా పని ఇంత గొప్పదని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

నేను కోపంగా లేను. అర్థం కాక అడుగుతున్నాను. నువ్వు ఎక్కనిదాన్ని ఎక్కానని చెప్పుకునే మనిషివి కాదు. చిన్నప్పుడు గోడ మీంచి పడి కూడా 'సగమే ఎక్కాను' అని ఏడుస్తూ లెక్క చెప్పావట. ఏం జరిగింది?

వదిన


కొండ కింది బస
మళ్ళీ ముసురే

వదినా,

నిజం నీకు దొరికిపోతుందని తెలుసు. అయినా నీ చేతికే చిక్కిందని కాస్త ధైర్యంగా ఉంది.

ఆ పొద్దున మేమిద్దరం బాగానే బయల్దేరాం. ఆకాశం శుభ్రంగా ఉంది. ఆఖరి గట్టు దగ్గరికి వచ్చేసరికి మంచు కమ్మింది. అయినా నడవచ్చు. ఇంకాస్సేపట్లో పైన ఉంటాం. అప్పుడు చూస్తే మాస్టారు తొడుగు తీసేసి వట్టిచేత్తో మంచు తడుముతున్నారు. ఏమిటని అడిగితే "తాళంచెవి పడిపోయింది" అన్నారు. ఎత్తులో గాలి చాలక మెదడు అలా తిరిగిపోతుందని మాకు నేర్పింది ఆయనే. అలాంటప్పుడు వాదించకూడదు, వెంటనే దింపేయాలి. ఆయన కదలనన్నారు. "పైకి పోకుండా దిగనే" అని మొండికేశారు. అందుకే ఎక్కేశాం అని అరిచాను. నమ్మారు. చిన్నపిల్లాడిలా లేచి నిలబడ్డారు.

అక్కడికి అది వైద్యం. తప్పేం లేదు. కానీ మర్నాడు గుడారంలో తెలివొచ్చాక ఆయన నావైపు చూసి, "ఎక్కాం కదే?" అన్నారు. ఆ మొహం నువ్వు చూడలేదు వదినా. సంతోషం కాదది. భయం. నా మూడో ప్రయత్నం ఆయన వల్ల పాడైందేమోనన్న భయం. నాకు నలభై మూడు. మళ్ళీ ఇంత డబ్బు పెట్టేవాళ్ళూ ఉండరు, నాకు ఇంత సత్తువా ఉండదు. అది ఆయనకి నాకంటే బాగా తెలుసు. 'ఎక్కాం మాస్టారూ' అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని "బతికించావు" అన్నారు.

ఇప్పుడు చెప్పు, ఏం చేయమంటావు? ఆ వేళ్ళతోపాటు ఇది కూడా మోయమంటావా ఆయన్ని? ఎవరు ఏ కొండ ఎక్కారో రాసుకునే పుస్తకాలవాళ్ళకి నేనేం అబద్ధం రాసివ్వను. సినిమాలో ఎక్కామన్న మాట కూడా ఉండదు. నీ బాణీ ఒక్కటి ఉంటే చాలు. ఆయన ఒక్కరు నమ్మితే చాలు.

బల్లి


వెనక గది
చలి మొదలైంది

బల్లీ,

ఈ ఉత్తరం చదివేముందు కూర్చో.

నువ్వడిగినట్టే రాశాను. డ్రమ్ములు, బాకాలు, కోరస్. పైన నువ్వు ఆయన చెవిలో అరిచేచోట నీ గొంతు వినపడకుండా మూడు వరసల వయొలిన్లు పరిచాను. కింది అంతస్తాయన చీపురుకర్రతో పైకప్పు మీద పొడిచి మరీ తిట్టాడు. ఇంకొంచెంగారు విని, ఇన్నేళ్ళకి 'చాలు' అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం నాకిదే మొదలు. నాకు మాత్రం నోట్లో ఇసుక పోసుకున్నట్టుంది.

మంగళవారం మాస్టారు వచ్చారు. ఆసుపత్రిలో ఆయన వేళ్ళ కొసలు తీసేశారు. మెట్లెక్కి వచ్చి, నా ఆయాసం పాటి ఆయాసం కూడా లేకుండా, "ఏమ్మా, ఇంత ఎత్తున కాపురం పెట్టావు, శిక్షణ ఎక్కడ తీసుకున్నావు?" అన్నారు. మీ అన్నయ్య దుకాణానికి వెళ్ళలేదు ఆ పూట. టీ ఇచ్చి, గదిలో కూర్చోబెట్టి, పది నిమిషాలూ వేశాను.

ఆయన కదలకుండా చూశారు. శిఖరం దగ్గర డ్రమ్ములు మోగుతుంటే నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. ఏమీ లేదందులో. పక్కింటివాళ్ళ పెళ్ళి వీడియో చూస్తున్నట్టు చూశారు.

అయిపోయాక, "బాగుందమ్మా. చాలా కష్టపడ్డావు. ఇంతకీ దిగింది ఏదీ?" అన్నారు.

"అది పెట్టలేదండీ. సినిమా పైనే అయిపోతుంది."

"నాకు గుర్తున్నదల్లా దిగడమే. పైన సంగతి ఒక్క ముక్క గుర్తు లేదు. ఎంత తవ్వినా రావడం లేదు. కానీ దిగేటప్పుడు అది నన్ను తిట్టిన తిట్లు మాత్రం ప్రతి ఒక్కటీ గుర్తుంది. 'ముసలి ఎద్దా, కాలు వెయ్యి. ఇక్కడ కూర్చున్నావంటే నీ గడ్డం పట్టుకుని ఈడుస్తా' అంది. ఇరవయ్యేడేళ్ళు నన్ను మీరు అని తప్ప అనని పిల్ల!" నవ్వుతున్నారు, కళ్ళల్లో నీళ్ళు. "ఆ తిట్లుంటే వేస్తావా?"

ఉన్నాయి. వేశాను. సంగీతం లేదు, ఏమీ లేదు. నీ తిట్లు, రెండు జతల బూట్లు, నీ ఎగశ్వాస. ఎంతసేపు విన్నారో. మీ అన్నయ్య కూడా గుమ్మంలో నిలబడి మొత్తం విన్నారు. ఈసారి ఆఖరి నిమిషం ఒక్కటే చాలనలేదు.

అప్పుడు మాస్టారు నావైపు తిరిగి, "అమ్మా, నువ్వు రోజంతా వినే మనిషివి. నిజం చెప్పు. మేం ఎక్కామా?" అన్నారు.

నేను రెండు మూడు జవాబులు వెతుక్కున్నాను. ఆయన ఆ కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నారు. ఇప్పుడే ఆ గొంతు విన్నాక, నా నోరు అబద్ధానికి తిరగలేదు బల్లీ. నా మెడ లాగే.

"లేదండీ" అన్నాను.

"నావల్లేనా?"

నేను ఆయన టీ కప్పు అందుకోబోయాను. ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది. లేచి, కప్పు తనే వంటగదిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మీ అన్నయ్య వెనకాలే వీధి చివరి దాకా వెళ్ళారు గానీ, ఆయన ఆగలేదట.

వదిన


కొండ కింది బస

వదినా,

నీ నోట్లో నువ్వుగింజ నానదని అన్నయ్య అంటే ఇన్నేళ్ళూ నీ తరఫున పోట్లాడాను. ఒక్కటే అడిగాను నిన్ను. అదీ నీకు బాగా చేతనైన పనే. ఎవడెవడో దూకితే కొండంత చేసి చూపించావు. మా విషయంలో మాత్రం నీకు నిజం గుర్తొచ్చింది.

మాస్టారు నా ఉత్తరానికి జవాబివ్వలేదు. ఇక్కడివాళ్ళెవరికీ ఇవ్వలేదు.

సినిమా నీ ఇష్టం, ఇంకొంచెంగారి ఇష్టం. ఇక నాకు రాయకు.


వెనక గది
పొద్దున్నే

బల్లీ,

రాయకన్నావు, రాస్తున్నాను. నీ కోపానికి ఎదురు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు, కాబట్టి తిట్లేం ఉండవు. చదివేయ్.

తప్పు చేశానేమో. అలా అనిపించిన పూట అన్నం సయించదు. కాదనిపించిన పూట కూడా అంతే. నీకు మాట ఇచ్చినట్టే ఇచ్చి తప్పాను. ఆ సంగతి ఎటు తిప్పినా మారదు. కానీ ఆయన అడిగింది నీ వదినని కాదు, వినే మనిషిని. ఆ ప్రశ్న నిన్నడిగి ఉంటే నువ్వేం చెప్పేదానివో నాకు తెలీదు.

సినిమా సంగతి చెబుతాను. పెద్ద బాణీ వెనక్కి తీసుకుని, దిగే దారికి కొత్తది కట్టి పంపాను. చెల్లో అని, పెద్ద వయొలిన్ లాంటిది వాయించే అమ్మాయిని ఒకే స్వరం పట్టుకుని కూర్చోమన్నాను. దాని మీద నీ తిట్లు, మీ బూట్లు. అంతే. ఇంకొంచెంగారు విని, "ఇదేమిటండీ, బూట్లు అమ్మాలా వద్దా?" అన్నారు. నేను దాన్నే పెట్టమన్నాను, పైన అని చూపించిన ముక్క తీసేయమన్నాను. ఆయన నన్నే తీసేశారు. ఎవరో కుర్రవాడు చేస్తున్నాడట ఇప్పుడు. చాలా డ్రమ్ములు ఉన్నాయట అతని దగ్గర.

విచారం ఏం లేదు. చాలా కాలం తర్వాత నిన్న మధ్యాహ్నం నిద్రపోయాను. పక్క వీధి సంగీతం బడిలో పిల్లలకి స్వరాలు చెప్పమన్నారు. వెళ్దామనుకుంటున్నాను. పిల్లలు తప్పు వాయిస్తే తప్పు అనచ్చు.

మాస్టారి ఊరికి మీ అన్నయ్య రెండుసార్లు రైల్లో వెళ్ళారు. తలుపు తీశారట, కూర్చోమన్నారట, వాతావరణం గురించి మాట్లాడారట. నీ పేరు ఎత్తితే కిటికీలోకి చూశారట.

నా దగ్గరికి రావద్దు, సరే. ఆయన దగ్గరికి వెళ్ళు.

వదిన


మాస్టారి ఇల్లు, వంటగది బల్ల
మంచి ఎండ

వదినా,

వెళ్ళాను. ఇక్కడినుంచే రాస్తున్నాను. ఆయన పక్కగదిలో గురక పెడుతున్నారు.

చలికాలానికి బస మూసేయగానే జీపెక్కి దిగాను. దారంతా ఏం చెప్పాలో వల్లించుకున్నాను. 'మీరు బతికుంటే చాలు మాస్టారూ, కొండదేముంది' లాంటివి. సినిమాల్లో నీ వయొలిన్ల కింద పలికే మాటలు. ఆయన తలుపు తీసి నన్ను చూసి, "వచ్చావా" అన్నారు. లోపలికి వెళ్ళి ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్ళతో తడబడుతూ స్టవ్ వెలిగించారు. నేను సాయం పట్టబోతే, "కూర్చో" అన్నారు.

కూర్చున్నాక ఆయనే మొదలుపెట్టారు. "నీ మూడేళ్ళ కష్టం నేను తినేశానే. నేను నిన్ను ఆపకపోతే నువ్వు పైన ఉండేదానివి. ఈ మొహం నీకెలా చూపించను? ఆ అబద్ధం ఎందుకాడావో నాకు తెలుసు. అది తెలిశాక ఇంకా బరువైంది."

వల్లించినవన్నీ అక్కడే ఎగిరిపోయాయి. నేను నీకు కూడా రాయనిది, నాకు నేను కూడా సరిగా చెప్పుకోనిది నోట్లోంచి వచ్చేసింది.

"మాస్టారూ, మీరు తాళంచెవి వెతుకుతుంటే నాకు ముందు భయం వేయలేదు. హమ్మయ్య అనిపించింది."

ఆయన టీ వడపోస్తూ ఆగిపోయారు.

చెప్పేశాను వదినా. గట్టు దగ్గరికి వచ్చేసరికే నాకు చాలని ఉంది. కాళ్ళు కాదు అలిసింది. పదహారో ఏటినుంచీ నేను భయపడని పిల్లనని అందరూ అంటుంటే, నీ డ్రమ్ములు కూడా అదే అంటుంటే, ఆ పిల్లని భుజాన వేసుకుని ఎక్కీ ఎక్కీ విసిగిపోయాను. పైకి చూస్తే నాకేం కావాలనిపించలేదు. ఒక దుప్పటి కావాలనిపించింది. వెనక్కి పోదాం అనడానికి మాత్రం నోరు రాలేదు. ఆయన ఆఖరి ఎక్కుడు కదా, ఆయన ఆశ పాడుచేస్తానేమోనని. అంతలో ఆయనకి మతి తప్పింది. నాకు సాకు దొరికింది. మీవల్లే ఆగిపోయానని మీరు కుమిలిపోతుంటే ఎలా మాస్టారూ, మీవల్లే ఆగగలిగాను అన్నాను. అందుకే ఆ అబద్ధాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను. మీరు నాకు లేని బాకీ పడుతుంటే చూడలేకపోయాను అన్నాను.

ఆయన టీ వడపోయడం ముగించి నా ముందు పెట్టి కూర్చున్నారు. టీ చల్లారింది. తర్వాత అడిగారు. "నీకెప్పుడు చాలనిపించింది?"

"గట్టు దగ్గర."

"నాకు అంతకుముందు పొద్దున, గుడారంలో. బూటు తొడుక్కుంటుంటేనే. నీ మూడోసారి కదా అని నోరు మూసుకున్నాను." ఆయన కట్టున్న చేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టుకుని, నొప్పికి 'అబ్బా' అన్నారు. "ఇద్దరు పెద్దమనుషులం! ఒక్కళ్ళం నోరు విప్పుంటే అక్కడే స్టవ్ వెలిగించుకుని టీ తాగేవాళ్ళం కదే! నా వేళ్ళు నాకుండేవి!"

నవ్వాం వదినా. ఏడుపులోకి పోయి మళ్ళీ నవ్వులోకి వచ్చాం. ఆయనకి దగ్గు తెర వచ్చి నేను వీపు నిమరాల్సి వచ్చింది. వేళ్ళు మాత్రం పోయినవి పోయినట్టే ఉన్నాయి. ఒక్క చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎంతసేపో పడుతోంది. అది తీరేది కాదు.

సినిమా వచ్చిందట. పైన అని చూపించే ముక్క ఉంటే నేను బయటికి వచ్చి నిజం చెబుతానని ఇంకొంచెంగారికి కబురంపాను. తీసేశారు. మంచులోకి నడుస్తుండగా అయిపోతుందట. డ్రమ్ములు బాగున్నాయట. మేం చూడలేదు. నువ్వు అన్నయ్యతో పంపిన దిగే దారి బాణీ మాత్రం నిన్న మాస్టారు రెండుసార్లు పెట్టించుకున్నారు. నా తిట్టు వచ్చిన ప్రతిసారీ నావైపు చూసి వేలు చూపిస్తున్నారు, ఉన్న వేలితోనే.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోను. అప్పుడు నిజంగానే అంత కోపం వచ్చింది. కానీ నువ్వు 'లేదండీ' అనకపోతే ఈ వంటగదిలో మేం ఇలా కూర్చునేవాళ్ళం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజమే. నువ్వు నాకంటే పెద్దదానివి, ఎలా సర్దుకుంటావో సర్దుకో.

ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. స్టేషనుకి ఎవరూ రావద్దు, పెద్ద సామానేం లేదు. నా కొండ తాళ్ళన్నీ మాస్టారికి ఇచ్చేశాను. ఆయన అప్పుడే ఒకటి పెరట్లో ఈ గోడనుంచి ఆ గోడకి కట్టి దుప్పట్లు ఆరేశారు. తడి దుప్పట్లు నాలుగు వేసినా ఒక్క వేలెడు కూడా కిందికి జారలేదు. అది చూసి ఆయన చాలా సంతోషంగా ఉన్నారు.

బల్లి